హెపటైటిస్ సి తగ్గింది కదా, ఇక రాదనుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

మా అన్నయ్య నాలుగేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్నాడు. రెండో ఏడు కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు హెపటైటిస్ సి సోకింది. పన్నెండు వారాలు మాత్రలు వేసుకుంటే వైరస్ పోయింది. ఆ రిపోర్టు చూసి అక్కడి టెక్నీషియన్ సంతోషంగా అన్నాడు: "ఒకసారి వచ్చి పోయింది కదా పెద్దాయనా, ఇక మీకు రాదు." అమ్మవారు పోసి తగ్గినట్టే అనుకున్నాడు. ఆ తర్వాత ఏడాది దాటినా ఒక్క పరీక్షా చేయలేదు.

ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినదాన్ని, ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

అమ్మవారు పోసి తగ్గితే, రోగాలతో పోరాడే మన తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టి కణాలు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. కానీ హెపటైటిస్ సి లాంటి వైరస్ ఏళ్ళ తరబడి ఒంట్లో తిష్ట వేస్తే, దానితో పోరాడే టి కణాలు అలసిపోతాయి. ఇది విశ్రాంతితో తీరే అలసట కాదు. దారం కండెకు చుట్టినట్టు, కణంలో డీఎన్ఏ హిస్టోన్లనే ప్రోటీన్లకు చుట్టుకుని ఉంటుంది. చుట్టు వదులైన చోట జన్యువు పనిచేయగలదు, బిగిసిన చోట మూగబోతుంది. అలసిన కణంలో పోరాటానికి కావలసిన కొన్ని జన్యువుల దగ్గర చుట్టు బిగుస్తుంది. పీడీ-1 అనే బ్రేకు జన్యువు దగ్గర మాత్రం వదులుగానే ఉండిపోతుంది. డీఎన్ఏలో ఒక్క అక్షరమూ మారదు, మారేది చుట్టే.

మన ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్ళిన రఫీ అహ్మద్ బృందం 2006లో ఎలుకల్లో ఆ పీడీ-1 బ్రేకును అడ్డుకుంటే, అలసిన కణాలు మళ్ళీ లేచాయి. ఎంత ఆశ కలిగిందో! కానీ లేచిన కణాల్లోనూ చుట్టు దాదాపు పాతదే అని 2016లో తేలింది. మా అన్నయ్య లాంటివాళ్ళకు నేరుగా సంబంధించినది 2021 నాటి మాట. మందులతో హెపటైటిస్ సి నయమైనవాళ్ళ రక్తం పరీక్షిస్తే, వైరస్ పోయాక కూడా దాన్ని గుర్తుపట్టే టి కణాల్లో ఆ అలసట ముద్ర చాలావరకు అలాగే కనిపించింది.

భయపెట్టాలని కాదు, ఒంట్లో రోగనిరోధక శక్తంతా పోయిందనీ కాదు. మందు వైరస్‌ను తీసేస్తుంది, కాలేయాన్ని కాపాడుతుంది. ఆ మాత్రలు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. కానీ అది టీకా కాదు, మళ్ళీ సోకకుండా ఆపలేదు. ఈ జబ్బుకు టీకా ఇంకా లేనే లేదు.

మరో చిక్కుంది. నయమైనా యాంటీబాడీ పరీక్ష సాధారణంగా పాజిటివ్‌గానే ఉంటుంది. మళ్ళీ సోకిందో లేదో చెప్పేది రక్తంలో వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షే. ఇలా నయమైన డయాలసిస్ రోగులకు ఆరు నెలలకోసారి అది చేయాలని అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. డయాలసిస్ కేంద్రాలు ఈ సంగతి రోగులకు తెలుగులో రాసి గోడకు అంటించాలని నా మనవి.

మొన్న సోమవారం అన్నయ్యకు మేమే బయట ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించాం. వైరస్ లేదు. ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో ఉన్న 'హెచ్‌సీవీ పాజిటివ్' కింద ఆ తేదీ నేనే రాశాను. ఆరు నెలల తర్వాతి తేదీ కూడా.

— ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, హనుమకొండ