అమ్రాబాద్ అడవికి వచ్చే ముందు

మహబూబ్‌నగర్

చిరంజీవి సౌభాగ్యవతి స్రవంతికి బాపు ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు నల్లమలలోని అమ్రాబాద్ పులుల అడవిని చూపించాలని మీరు అనుకోవడం మాకు చాలా సంతోషం. అయితే తెల్లవారుజామున హైదరాబాదులో బయలుదేరి, సఫారీ, మల్లెలతీర్థం జలపాతం, శ్రీశైల దర్శనం అన్నీ ముగించుకొని అదే రాత్రి ఇల్లు చేరాలన్న అల్లుడుగారి ఆలోచన మాత్రం నాకు నచ్చలేదు. శ్రీశైలం దారిలో అడవి మొదట్లో ఉన్న మన్ననూరు చెక్‌పోస్టును రాత్రి 9 గంటలకు మూస్తే మళ్లీ ఉదయం 6 గంటలకే తెరుస్తారు. గుడి క్యూలో ఆలస్యమైతే మీరు పిల్లలతో అవతలే ఉండిపోవాలి, లేదంటే గేటు అందుకోవాలని ఆ ఘాట్ మలుపుల్లో కారును ఉరికించాలి. రాత్రిపూట రాకపోకలు ఆపిందే రోడ్డు దాటే జంతువుల ప్రాణాల కోసం కాబట్టి, అలా ఉరికించే ప్రయాణం అసలు పెట్టుకోకపోవడమే మేలు.

నా మాట వింటే శ్రీశైలాన్ని ఈసారికి వదిలెయ్యండి. మేమిద్దరం బస్సులో అచ్చంపేటకు వస్తాము. అక్కడ మమ్మల్ని ఎక్కించుకుంటే, శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పేరున్న ఉమామహేశ్వరంలో దర్శనం చేసుకొని, పొద్దుగూకేలోపు మన్ననూరు చేరవచ్చు. రాత్రికి అక్కడే అటవీశాఖ వారి బసలో ఉండి, మరునాడు పొద్దున్నే సఫారీకి పోదాము. బసకూ సఫారీకీ ముందే బుక్ చేసుకోవాలి, పండుగ రోజుల్లో అప్పటికప్పుడు దొరకవు. వానకాలంలో సఫారీని మూసేస్తారు, ఎండాకాలం వస్తే అడవి ఎండి కార్చిచ్చుల భయం మొదలవుతుంది. ఆ లెక్కన మీరు ఎంచుకున్న సమయం మంచిదే.

పులి కనిపిస్తుందని పిల్లలకు ముందే ఆశ పెట్టవద్దు. పులుల కోసం కాపాడే నడిమి భాగం, అంటే కోర్ ప్రాంతం ఒక్కటే 2,600 చదరపు కిలోమీటర్లు దాటిన అడవిలో ఒక్కో పులీ విశాలమైన హద్దు పెట్టుకొని తిరుగుతుంది, మన జీపు పోయే దారి అందులో ఎంత? దానికి బదులు చెవులు పెట్టి వినడం నేర్పించు. చెట్టు పైనున్న కొండముచ్చు ఉన్నట్టుండి గొంతు చించుకొని దగ్గినట్టు అరుస్తుంది. కింద మేస్తున్న దుప్పులు తలలెత్తి, ఒకే దిక్కుకు చెవులు నిలిపి, ముందుకాలితో నేలను తడతాయి. పులో చిరుతో దగ్గరలో ఉన్నదని అవి ఒకదానికొకటి చెప్పుకొనే తీరు అది. ఈ గుర్తులన్నీ ఈ అడవిలోనే బతికే చెంచులకు కొట్టినపిండి. మన వెంట చెంచు యువకుడు గైడుగా వస్తే పిల్లలను అతని పక్కనే కూర్చోబెడదాము. ఫరహాబాద్ వ్యూపాయింట్ దగ్గర కొండ అంచు నుంచి కింది మైదానమంతా కనిపిస్తుంది, అక్కడ తొందరపెట్టకుండా కాసేపు ఆగాలి. మల్లెలతీర్థానికి వందల మెట్లు దిగి ఎక్కాలి, అమ్మ మోకాళ్లకు అది పడదు.

ఇంకొక మాట. రోడ్డు పక్కన కోతులకు అరటిపండ్లు, చిప్స్ వేసే అలవాటు చాలామందికి పుణ్యకార్యంలా తోస్తున్నది. వాటికి ఆశపడి రోడ్డు మీదికి వచ్చి అవి చక్రాల కింద పడుతున్నాయి. మన కారు అద్దాలు మాత్రం దిగకూడదు. ప్లాస్టిక్ సంచులు, వాడి పారేసే సీసాలు తేవద్దు. సకినాలు అమ్మ స్టీలు డబ్బాలో పెడుతుంది, నీళ్లకు ఇంటి నుంచే రాగి సీసాలు తెచ్చుకోండి. ఉదయం జీపులో చలిగాలి కోతగా ఉంటుంది కనుక పిల్లలకు స్వెటర్లు మరిచిపోవద్దు, ఎర్రవీ తెల్లవీ కాకుండా మట్టి రంగు బట్టలైతే మంచిది.

అల్లుడుగారితో మాట్లాడి తేదీ ఖాయం చేసి ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ బాపు