ఏడు రోజులు నా కోసం ఆగినవారికి

ఈ కృతజ్ఞతలు చాలా ఆలస్యంగా చెబుతున్నాను. మా అమ్మ పోయాక ఆ ఏడు రోజులలో చెప్పబోయిన ప్రతిసారీ మా భవనంలోనివారు వారించారు. యూదుల ఆచారం ప్రకారం దగ్గరివారు పోయాక ఏడు రోజులు దుఃఖంలో ఉన్న మనిషి వచ్చినవారిని చూసి లేవనక్కరలేదు, మర్యాదలు చేయనక్కరలేదు. ఇప్పుడు తేరుకున్నాను కనుక, వారికి రాని నా భాషలోనే అయినా, మా కోనసీమవారూ ఇజ్రాయెల్‌లో నాలాగే కేర్‌గివర్లుగా పనిచేస్తున్న తెలుగువారూ చదువుతారని ఇక్కడ రాస్తున్నాను.

నేను టెల్ అవీవ్ పక్కనున్న రామత్ గాన్‌లో ఐదేళ్లుగా, తొంభై దాటిన ఒక పెద్దావిడను చూసుకుంటున్నాను. అందరిలాగే నేనూ ఆమెను సఫ్తా అని పిలుస్తాను; హీబ్రూలో అమ్మమ్మకైనా నానమ్మకైనా అదొకటే మాట. 2025 జూన్ 13, శుక్రవారంనాడు ఇరాన్‌తో యుద్ధం మొదలై బెన్ గురియన్ విమానాశ్రయం మూతపడింది. మా భవనం పాతది, ఇళ్లలో రక్షణ గదులు లేవు. సైరన్ మోగితే నేలమాళిగలోని మిక్లాత్‌కు, అంటే అందరూ తలదాచుకునే గదికి, దిగవలసిందే. 15వ తేదీ ఆదివారం తెల్లవారుజామున అక్కడ కూర్చుని ఉండగా తమ్ముడి ఫోన్ వచ్చింది. అప్పటికి మన దేశంలో ఐదు దాటింది. అమ్మ నిద్రలోనే వెళ్లిపోయిందని, ఎండలు తీవ్రంగా ఉన్నాయి కనుక ఆ సాయంత్రమే భూస్థాపన చేస్తున్నామని చెప్పాడు. తరువాత కొద్ది రోజులకు మన ప్రభుత్వం జోర్డాన్, ఈజిప్టు సరిహద్దుల మీదుగా మనవారిని తరలించిందిగాని, ఆ ఆదివారం నాకు ఏ దారీ లేదు. వీల్‌చైర్‌లో ఉన్న సఫ్తాను విడిచి వెళ్లగలిగే పరిస్థితి కూడా కాదు.

భూస్థాపనను ఫోన్‌లో చూశాను. చూడటం పూర్తయ్యేసరికి కింది అంతస్తులోని రబ్బీ గారి భార్య ఉడికించిన గుడ్లు, రొట్టె, మసూర్ పప్పుతో చేసిన చారువంటి వంటకం పట్టుకుని మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. సమాధి దగ్గర నుంచి వచ్చినవారు మొదటి భోజనం సొంత ఇంటిది తినకూడదని, ఇరుగుపొరుగువారే తెచ్చి పెట్టాలని వారి నియమం. మసూర్ పప్పే ఎందుకని తరువాతెప్పుడో అడిగితే, యూదు పెద్దల చర్చల గ్రంథమైన తల్మూదులో ఉన్న కారణం చెప్పారు: ఆ గింజ గుండ్రంగా ఉంటుంది, దుఃఖం కూడా లోకంలో ఒకరి ఇంటి నుంచి మరొకరి ఇంటికి చక్రంలా తిరుగుతుంది, పైగా మిగతా గింజలకు ఉన్నట్టు దానికి నోరు, అంటే చీలిక, ఉండదు, దుఃఖంలో ఉన్నవారికీ నోరు ఉండదు. అబ్రాహాము చనిపోయిన రోజున తండ్రి ఇస్సాకును ఓదార్చడానికి యాకోబు వండినదీ, ఏశావు తన జ్యేష్ఠత్వాన్ని అమ్ముకుని తిన్నదీ ఈ వంటకమేనట. మన తెలుగు బైబిలులో అది చిక్కుడుకాయల వంటకం. సండే స్కూలు నాటి నుంచి నేను ఏశావును చిక్కుడుకాయ కూర ముందు కూర్చోబెట్టి ఊహించుకుంటున్నానని చెబితే, అన్ని రోజుల తరువాత మొదటిసారి సఫ్తా పకపకా నవ్వింది.

నేను యూదురాలిని కానని, ఈ నియమాలు నాకు వర్తించవని నేనే రబ్బీ గారికి గుర్తు చేశాను. ఆయన ఒప్పుకున్నారు. నాకు విధి ఏదీ లేదు, తమకు మాత్రం ఉందన్నారు. అన్యజనులలోని రోగులను పరామర్శించాలని, వారి మృతులను పాతిపెట్టాలని, వారిలో దుఃఖించేవారిని ఓదార్చాలని, శాంతి మార్గాల కోసం ఇది చేయాలని 12వ శతాబ్దపు ధర్మవేత్త రంబం తన శాసన గ్రంథంలో రాశారట. అందువల్ల సఫ్తా కుమార్తె నన్ను పనిలోకి దిగనివ్వలేదు. ఆమే వచ్చి తల్లికి స్నానం చేయించి, మందులు వేసి, డైపర్లు మార్చారు. పై అంతస్తు కుర్రవాళ్లు సైరన్ మోగినప్పుడల్లా సఫ్తాను కుర్చీతో సహా మెట్లమీదుగా మోసుకెళ్లారు. ఆ వారం జీతంలో ఒక్క షెకెల్ కూడా తగ్గించలేదు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరచినది వారి మౌనం. తలుపు తీసే ఉంచుతారు. వచ్చినవారు పలకరించకుండా వచ్చి కూర్చుంటారు, దుఃఖంలో ఉన్న మనిషి నోరు తెరిచేవరకు తామూ మాట్లాడరు. ఒక సాయంత్రం ఆరుగురు ముప్పావు గంట సేపు నా చుట్టూ కూర్చుని, నేను ఏమీ మాట్లాడనందువల్ల ఏమీ మాట్లాడకుండానే లేచి వెళ్లారు. వెళ్లేటప్పుడు మాత్రం, సీయోనును, యెరూషలేమును తలచి దుఃఖించేవారందరితోపాటు దేవుడు నిన్నూ ఓదార్చుగాక అనే ఒకే వాక్యం ఒక్కొక్కరూ చెప్పారు. ఈ మౌనానికి మూలం బైబిలులో అన్నీ పోగొట్టుకున్న యోబు కథ. అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద అతనితో మాట లేకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటేనని, తరువాత నోరు తెరిచి దాన్నీ పాడుచేసుకున్నారని మూడో అంతస్తులోని రిటైర్డ్ టీచరు గారు అన్నారు. మా ఊళ్లో ఆదరణ కూడిక అంటే మైకు, మూడు ప్రసంగాలు, భోజనాలు. అదీ ప్రేమతో చేసేదే, తప్పుపట్టను. కాని ఆ వారంలో నాకు ఎవరైనా ప్రసంగం చెప్పి ఉంటే భరించగలిగేదాన్ని కాను.

మూడోనాడు రబ్బీ గారు అమ్మ పేరు అడిగారు. మరియమ్మ అన్నాను. ఆయన కాసేపు ఆగి, హీబ్రూలో అది మిర్యామ్ అని, సరిగ్గా అమ్మ పోవడానికి ముందురోజు శనివారం ఆ వారపు వంతుగా చదవవలసిన తోరా (మోషే ఐదు గ్రంథాలు) భాగంలో మిర్యాము కథ ఉందని చెప్పారు. నేను శకునాలు పట్టించుకునే మనిషిని కాను, ఆయనా ఆ ధోరణిలో చెప్పలేదు. సంఖ్యాకాండంలోని ఆ కథ నాకు తెలిసినదే: మిర్యాము కుష్ఠుతో ఏడు రోజులు పాళెం వెలుపల ఉండిపోతే, ఆమె తిరిగి చేరేవరకు జనమంతా ప్రయాణం ఆపేశారు. అయితే వారి పెద్దలు మిష్నా అనే పాత ధర్మ సంకలనంలో దానికి చెప్పిన కారణం నేనెన్నడూ వినలేదు. పసివాడైన మోషేను పెట్టెలో పెట్టి నైలునది ఒడ్డున వదిలినప్పుడు, వాడికి ఏమవుతుందో చూద్దామని ఈ అక్క కొద్దిసేపు అక్కడ నిలబడింది. ఆ కొద్దిసేపటికి బదులుగా ఇశ్రాయేలీయులందరూ ఆమె కోసం ఏడు రోజులు నిలబడ్డారు. ఆమె తమ్ముణ్ని ఆడిపోసుకుని శిక్ష పడి బయటికి వెళ్లింది కదా అని నేను వాదిస్తే, అయినా ఆగారు కదా అన్నారు. ఆ తరువాత ఆయన, నువ్వు ఐదేళ్లుగా మా పెద్దావిడ పక్కన నిలబడ్డావు, మేము ఏడు రోజులు నిలబడలేమా, అన్నారు. అప్పుడే నేను మొదటిసారి గట్టిగా ఏడ్చాను.

చివరిచూపు దక్కలేదన్న బాధ మాత్రం ఏ మాటకూ లొంగలేదు. దానికి టీచరు గారు ఓదార్పు చెప్పలేదు, రంబం జీవితంలోని ఒక సంగతి చెప్పారు. ఆయన తమ్ముడు దావీదు వ్యాపారం కోసం బయలుదేరి మన హిందూ మహాసముద్రంలో మునిగి చనిపోయాడు. ఆ వార్త విని రంబం దాదాపు ఏడాదిపాటు మంచం పట్టారు. ఎనిమిదేళ్లు గడిచాక కూడా తన దుఃఖం తీరలేదని ఒక లేఖలో రాసుకున్నారు. అంత గొప్ప వైద్యుడు, అంత గొప్ప ధర్మవేత్త, దేహం చూడలేదు, మట్టి వేయలేదు, తేరుకోవడానికి సిగ్గుపడలేదు, తీరలేదని ఒప్పుకోవడానికీ సిగ్గుపడలేదు. ఆ సంగతి విన్నాక నన్ను నేను తొందరపెట్టుకోవడం మానేశాను.

శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు సఫ్తా వణికే చేతులతో రెండు కొవ్వొత్తులు వెలిగించింది. విశ్రాంతి దినాన దుఃఖాన్ని బయటికి చూపకూడదు కనుక నన్ను కూడా బల్ల దగ్గరికి పిలిచారు. ఆ ఇంట్లో ఆ రోజు ఫోన్ ముట్టరు; హెచ్చరికలు వినడానికి మాత్రం ఒక ఫోన్‌ను ఆపకుండా ఉంచారు, ఎందుకంటే ప్రాణం కాపాడటం కోసం విశ్రాంతి దినాన్ని మీరవచ్చునన్నది తోరా నుంచి పెద్దలు తీసిన న్యాయం. ఆ వారం చదివిన భాగం కనాను దేశాన్ని వేగుచూసినవారిది. మా దృష్టికి మేము మిడతలవలె ఉంటిమి అని వాళ్లు చెప్పుకున్న మాటను సఫ్తా మనవడు చదివి వినిపించాడు. మిక్లాత్‌లో గోడలు అదిరినప్పుడల్లా నాకు నేను అలాగే కనిపించేదాన్ని. యుద్ధం 24వ తేదీన ఆగింది.

నేను క్రైస్తవురాలిగానే ఉన్నాను, ఎవరూ నన్ను మారమనలేదు. చిన్ననాటి నుంచి కంఠతా వచ్చిన వాక్యాలను ఆ ఇంటివారు వంటింట్లోను, మెట్లమీద, నేలమాళిగలోను చేసి చూపించారు. రబ్బీ గారికి, ఆయన భార్యకు, టీచరు గారికి, సఫ్తాను మోసిన కుర్రవాళ్లకు, నా టికెట్టుకు తలా ఇంత వేసుకున్న పన్నెండు ఇళ్లవారికి, నేను ఇంటికి వెళ్లిన మూడు వారాలూ ఉద్యోగానికి సెలవు పెట్టి తల్లి దగ్గర ఉన్న సఫ్తా కుమార్తెకు, నాతోపాటు మేలుకున్న సఫ్తాకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

జూలై చివర మా ఊళ్లో అమ్మ జ్ఞాపకార్థ కూడిక జరిగినప్పుడు, పాస్టరు గారిని బతిమాలి ఐదు నిమిషాలు మైకు ఆపించి అందరినీ మౌనంగా కూర్చోమన్నాను. రెండో నిమిషంలోనే మా పెద్దమ్మ పక్కావిడ వైపు వంగి, కరెంటు పోయిందా అని అడిగింది.