రెండో ఏడాది ఫీజు ఎక్కడిది?

సంపాదకులకు,

అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చిన ఇంట్లో మొదటి ఏడాది ఖర్చు గురించి మాట్లాడినంతగా రెండో ఏడాది గురించి మాట్లాడరు. బ్యాంకులో విద్యారుణాలు చూసి పదవీ విరమణ చేసిన నాకు ఆ మౌనమే భయం.

వీసాకు ముందు విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం కోసం కనీసం మొదటి ఏడాది ఫీజుకు, బసకు, భోజనానికి, బీమాకు సరిపడా డబ్బు చూపించాలి. అది లేనివారికి కొన్ని కన్సల్టెన్సీలు కమీషన్ పుచ్చుకుని, ఖాతాలో కొద్ది వారాలు సొమ్ము ఉంచి ‘బ్యాలెన్సు చూపిస్తాయి’. వీసా రాగానే ఆ సొమ్ము వెనక్కి పోతుంది. ఇది వీసా అధికారిని మోసగించడమే. బయటపడితే ఆ విద్యార్థికి అమెరికా తలుపులు శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

మా బ్రాంచికి వచ్చిన ఒక తండ్రి ప్లాస్టిక్ కవరులోంచి ఇంటి దస్తావేజులు తీసి బల్ల మీద పెట్టారు. రెండో ఏడాది ఫీజు ఎలాగండీ అని అడిగితే, “వెళ్లాక మావాడే చూసుకుంటాడు సార్” అన్నారు. ఎలా చూసుకుంటాడు? ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయనివ్వరు. ఆ పనైనా అందరికీ దొరకదు. దొరికితే తిండికీ అద్దెకూ సరిపోవడమే గొప్ప. గత్యంతరం లేక బయట దొంగచాటుగా పనిచేసి దొరికిపోతే చదువు పోతుంది, అప్పు మిగులుతుంది.

చదువు పూర్తయ్యేదాకా, ఆపైన మరికొంత కాలం వాయిదాలు కట్టక్కర్లేదన్నది అందరికీ గుర్తుంటుంది. వడ్డీ మాత్రం ఆగదు. 30 లక్షలకు 11 శాతం చొప్పున ఏడాదికి 3 లక్షల 30 వేలు, అంటే నెలకు 27,500 రూపాయలు. 2015లో 65 రూపాయల దగ్గరున్న డాలరు 2025లో 85 దాటింది. రెండో ఏడాది ఫీజును ఈనాటి ధరకు లెక్కగట్టడం కూడా పొరపాటే.

ఈ విషయంలో జర్మనీ పద్ధతి నాకు నచ్చుతుంది. 2024 సెప్టెంబరు నుంచి అక్కడికి వెళ్లే విద్యార్థి బ్లాక్డ్ ఖాతా ద్వారా డబ్బు చూపిస్తే, ఏడాదికి 11,904 యూరోలు ముందే జమ చేయాలి. చేరాక నెలకు 992 యూరోల చొప్పున చేతికి వస్తుంది. చూపించిన డబ్బే విద్యార్థి ఖర్చుకు అందుతుంది.

మన బ్యాంకులకు నా విన్నపం ఒకటే. రుణం మంజూరు చేసేముందు, చివరి సెమిస్టరు దాకా ఏ ఫీజు ఏ సొమ్ములోంచి కడతారో తెలుగులో పట్టికగా రాయించి, విద్యార్థితోపాటు తల్లిదండ్రుల సంతకాలూ తీసుకోవాలి. అందులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా, ఏడాది ఆగి, ఉద్యోగం చేసి కొంత కూడబెట్టుకుని వెళ్లమని మేనేజర్లు ధైర్యంగా చెప్పాలి. అడిగితే సీటును తర్వాతి సెమిస్టరుకో, మరుసటి ఏడాదికో వాయిదా వేసే విశ్వవిద్యాలయాలు చాలానే ఉన్నాయి.

— విశ్రాంత బ్యాంకు అధికారి, తెనాలి