లేబుల్ మీద రాసిన ఒక తప్పు, ఆలస్యమైన ప్రింట్లు

విజయనగరంలో మా ఇంటి వెనక గదిలో తయారయ్యే ప్రింట్లను, అంటే ప్లేటుకు ఇంకు పూసి కాగితం మీద ఒత్తి తీసే బొమ్మలను, కొంటున్న మీ అందరికీ కొన్ని విషయాలు చెప్పవలసి ఉంది. మొదటిది నా తప్పు గురించి. పోయిన నెల కోట బొమ్మ కొనుక్కున్న ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు ఫోను చేసి, "రాగి రేకు మీద చేస్తావా, జింకు మీదా? ఆమ్లం ఏది వాడతావమ్మా?" అని అడిగారు. "రేకూ లేదు, ఆమ్లమూ లేదండీ, అట్టా జిగురూ అంతే" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "మరి వెనక ఎచింగ్ అని రాశావేం?" అన్నారు. ఆ పేరుకు గిరాకీ ఉంటుందని రాశాను. అంతకు మించి నా దగ్గర సమాధానం లేదు.

లోహపు రేకుకు మైనంలాంటి పూత పూసి, దాని మీద సూదితో బొమ్మ గీసి, గీత పడినచోట బయటపడ్డ లోహాన్ని ఆమ్లం చేత తినిపిస్తే అది ఎచింగ్. పసిపిల్ల తిరిగే ఇంట్లో నత్రికామ్లం సీసా పెట్టుకునే ధైర్యం నాకు లేదు, ఆ పొగను బయటికి పంపే ఏర్పాటూ లేదు. అట్ట మీద గుడ్డలాంటివి జిగురుతో అతికించి నేను చేసేదాన్ని కొలాగ్రాఫ్ అంటారు. గ్రీకు భాషలో జిగురుకున్న పేరు నుంచి వచ్చిన మాట అది. అయితే పల్లపు చోట్ల ఇంకు నింపి, మిట్టల మీదిది తుడిచేసి, తడి కాగితాన్ని ఆ పల్లాల్లోకి దిగేలా గట్టిగా నొక్కే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే. కొత్త లేబుళ్లలో కొలాగ్రాఫ్ అనే ఉంటుంది. పాత లేబుల్‌తో కొన్నవారు ఆ మాట చూసే కొన్నామనుకుంటే ప్రింటు తిరిగి పంపండి, డబ్బు పూర్తిగా ఇచ్చేస్తాను.

కోట బొమ్మ ప్లేటు ఎలా తయారైందో చెబితే మిగతా సంగతులు తేలికగా అర్థమవుతాయి. మందపాటి అట్ట మీద గోడ ఉండవలసిన మేర ఫెవికాల్ రాసి గోనె గుడ్డ అతికించాను, ఆకాశం మేర పొందూరు ఖద్దరు పీలిక అతికించాను. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి చేత్తో వడికిన ఆ నూలు ఎంత సన్నమంటే, దారాల సందుల్లో ఇంకు నిలిచీ నిలవనట్టు ఉంటుంది. అందువల్ల ఆకాశం పలుచని బూడిదరంగులో వచ్చి, దారం కాస్త లావైన చోటల్లా మబ్బు చారలాంటిది పడుతుంది. గోనె గుడ్డ సందులు పెద్దవి కనుక ఇంకు గుక్కెడు గుక్కెడుగా తాగి, గోడను నల్లగా, గరుకుగా చూపిస్తుంది. ప్రింటును తిప్పి వెనకవైపు వేలితో తడిమితే ఆ నేత మీ వేలికి తెలుస్తుంది. సిరిమాను (పైడితల్లి అమ్మవారి జాతరలో ఊరేగించే పొడవాటి మాను) బొమ్మకు మాత్రం ఖాళీ అయిన పళ్లరసం టెట్రాప్యాక్‌ను విప్పి, లోపలి వెండిపూత వైపు వాడాను. మాను మొత్తం సూదితో లాగిన ఒకే ఒక పొడవాటి గీత. జనం ఉన్నచోట పైపొరను బ్లేడుతో కోసి ఒలిచేశాను. కింద బయటపడ్డ గరుకు కాగితం ఇంకును బాగా పట్టుకుని చిక్కటి నలుపునిస్తుంది.

ఇక తక్కువైన ప్రతుల సంగతి. కోట బొమ్మకు ఇరవై మంది దగ్గర అడ్వాన్సు తీసుకున్నాను, ప్లేటు పన్నెండు మంచి ప్రతులే ఇచ్చింది. అట్టకు వార్నిష్ రెండు మూడు పూతలు, అంచులతో సహా, వెనకవైపు కూడా వేయాలి. తొందరలో ఒక్క పూతతో సరిపెట్టాను. గంజి పెట్టి ఎండబెట్టిన మల్లు గుడ్డతో ఇంకు తుడిచినప్పుడల్లా అంచుల దగ్గర అట్ట ఇంకులోని నూనె పీల్చి మెత్తబడింది, పదమూడో ప్రతి తీసేసరికి బురుజు మీది గోనె దారాలు కాగితానికి అంటుకుని వచ్చేశాయి. మా ప్రెస్సు ఇక్కడి లేత్ వర్క్‌షాపులో చేయించినది. చెరకు రసం మిషన్‌లా రెండు ఇనుప రోలర్లు, మధ్య జరిగే పలక, పైన కంబళి ముక్క. ఆ ఒత్తిడికి ఎంత మంచి పూత వేసినా అట్ట క్రమంగా అణగిపోక తప్పదు. మిగిలిన ఎనిమిది మందికి అడ్వాన్సు వాపసు ఇస్తున్నాను. కావాలంటే రెండో ప్లేటు ప్రతి ఇస్తాను గాని, గోనె గుడ్డ వేరు కనుక బొమ్మ అచ్చం అలాగే ఉండదు. ఇకమీదట ఏ ప్లేటుకైనా పన్నెండు ప్రతులే. అడుగున పెన్సిలుతో 3/12 అని ఉంటే పన్నెండింటిలో మూడోది అని అర్థం.

బటర్ పేపరు అతుక్కుపోయిన ప్రింట్లు అందుకున్నవారికి క్షమాపణలు. ఈ ఇంకు అవిసె నూనెతో చేసినది. నీటి రంగులా తడి ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో నూనె కలిసి గట్టిపడాలి. ముసురు పట్టిన రోజుల్లో, అందులోనూ గోనె సందుల్లోంచి దళసరిగా దిగిన ఇంకుకు, మూడు రోజులు ఏ మూలకూ చాలవు. పైన వేలు పెడితే అంటలేదు కదా అని చుట్టేసి కొరియర్ చేశాను. ఇప్పటినుంచి రెండు వారాలు తాడు మీదే ఉంచి, ఆ తరువాత చుట్టకుండా అట్టల మధ్య బల్లపరుపుగా పంపుతాను. పాడైనదాన్ని తిరిగి పంపనక్కరలేదు, ఫోటో పంపితే చాలు.

ఒకే బొమ్మలో రెండు మూడు రంగులు కావాలని కొందరు అడుగుతున్నారు. చిత్తూరు జిల్లాలో పుట్టి పారిస్‌లో అటెలియే 17 అనే ప్రింట్ల స్టూడియోలో పనిచేసిన కృష్ణారెడ్డి గారు (1925–2018) ఒకే ప్లేటు మీద పలుచని, చిక్కని ఇంకులను వేర్వేరు రోలర్లతో పూసి అలా రంగులు తెప్పించినవారే. నూనె ఎక్కువ కలిపిన ఇంకు మీద చిక్కటి ఇంకు అంటదు, ఆ కిటుకే దానికి ఆధారం. ఆయనవి లోతుగా చెక్కిన లోహపు ప్లేట్లు. నా అట్ట మీద నాలుగుసార్లు ప్రయత్నిస్తే నాలుగుసార్లూ మురికి గోధుమరంగే వచ్చింది. అందుకని ప్రస్తుతానికి రంగుల ఆర్డర్లు తీసుకోవడం లేదు.

సిరిమాను ప్రింట్లు ఏడు తాడు మీద ఆరుతున్నాయి, అయిదింటిని ఇంకా తీయాలి. సూదిగీత అంచున లేచి ఇంకు పట్టుకునే సన్నటి పొర ప్రతి ఒత్తుకూ కొంత నలిగి గీత సన్నబడుతుంది కనుక, మొదటి మూడు నాలుగు ప్రతుల్లో మాను మెత్తగా, కాస్త లావుగా కనిపిస్తుంది. ధర అన్నింటికీ ఒకటే. లావు గీత కావలసినవారు ముందుగా చెప్పండి.