34 రోజులు మా పాపను మోసిన అందరికీ

అందరికీ వందనాలు. నెల సంది ఈ పోస్టు పెట్టాలనుకుంటున్న గాని ఫోన్ చేతిల పట్టుకోంగనే ఎక్కడ మొదలువెట్టాల్నో తెల్వక పక్కన పెడుతున్న. ఇప్పుడు పాప పాలు తాగి పండుకున్నది, మా ఇంటామె కూడ రెండు రాత్రుల తర్వాత కన్ను మూసింది, నేను వాకిట్ల మంచం మీద కూసొని రాస్తున్న. ఎవ్వరి పేరు రాస్తలేను, కొందరు మా పేర్లు పెట్టకు అన్నరు, కొందరి పేర్లు నాకు ఇప్పటికీ తెల్వయి. చదివితె ఎవలకు వాళ్ళకు అర్థమైతది.

తెల్వనోళ్ళకు జర చెప్త. మాది నకిరేకల్ దగ్గర పల్లె, నాది బోరు మోటర్ల వైండింగ్ షాపు. 2025 ఫిబ్రవరి 26, శివరాత్రి. మా ఇంటామెకు పొద్దటిసంది తలనొప్పి, సాయంత్రానికి కండ్లు మసక మసక అయితున్నయ్ అన్నది, కాళ్ళు ఉబ్బినయ్. అప్పటికి కడుపుతోని 31 వారాలు. ఏఎన్ఎం అక్క ఉరుక్కుంట వచ్చి బీపీ చూస్తె 170, 110 ఉన్నది. "అన్నా, ఇంట్ల ఒక్క నిమిషం కూడ పెట్టుకోవద్దు, ఫిట్స్ వస్తయ్" అన్నది. పక్కింటి అన్న పొద్దటిసంది ఒక్కపొద్దు ఉన్నడు, తానం చేసి గుడికి పోతానికి తయారై ఉన్నడు, కొబ్బరికాయ అట్లనే అరుగు మీద పెట్టి ఆటో తీసిండు. ఆ రోజు ఆయన జాగారం దవఖాన మెట్ల మీదనే అయింది. అన్నా, నీ రుణం ఎట్ల తీర్చాల్నో నాకు తెలుస్తలేదు.

ముందుగాల ఒక ప్రైవేట్ దవఖానకు పోయినం, అడ్వాన్స్ కట్టంది లోపటికి తీసుకోమన్నరు, ఆ ముచ్చట ఇక్కడ వద్దు. నల్లగొండ పెద్ద దవఖానల అదే రాత్రి ఆపరేషన్ చేసిన్రు. ఆడపిల్ల, 1350 గ్రాములు. ఆమె అరచెయ్యి నా బొటనవేలి గణుపంత ఉండె. నెలలు నిండకముందు పుట్టిన పిల్లలకు ఊపిరితిత్తులు మూసుకపోకుండ పట్టే పదార్థం ఇంక సరిగ తయారు కాదంట, అందుకే ముక్కుకు సన్న గొట్టాలు పెట్టి సీప్యాప్ అని మిషన్ తోని గాలి ఒత్తుతరు. మా ఇంటామెను వేరే అంతస్తుల ఉంచిన్రు, బీపీ దిగనే దిగలే, రెండు బాటిళ్ళ రక్తం ఎక్కిచ్చిన్రు. ఆ రక్తం ఇచ్చిన ఇద్దరు తమ్ముళ్ళు నర్సింగ్ చదివే పిల్లలు, మళ్ళ కనవడలే. తమ్మీ, ఇది చదివితె ఒక్కసారి ఫోన్ చెయ్యిన్రి.

ఆ రోజులల్ల దవఖాన ముంగట చెట్టు కింద కూసున్నోళ్ళ ఫోన్లల్ల రెండే వార్తలు నాకు వినవడేటివి. ఒకటి ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాల్వ) సొరంగంల చిక్కుకున్న ఎనిమిది మంది గురించి. మన నల్లగొండకు నీళ్ళు తెచ్చే సొరంగం అది, ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చిన బిడ్డలు అందుల ఇరుక్కున్నరు, బయట వాళ్ళ తండ్రులు కూడ నా లెక్కనే చూస్తుండొచ్చు అనిపించేది. ఇంకోటి పోప్ ఫ్రాన్సిస్ గారి గురించి. ఆయన ఫిబ్రవరి 14 సంది రోమ్‌ల జెమెల్లి దవఖానల ఉన్నడు, రెండు ఊపిరితిత్తులకు న్యుమోనియా. మా విచారణల, అంటె మా గుడి కింది ఊర్లల్ల, అక్కలు, అవ్వలు రోజు సాయంత్రం గుడిల జపమాల చెప్పుతున్నరు పోప్ గారి కోసం. మా అత్తమ్మ పోయి చెప్పంగనే అదే జపమాలల మా పాపను కూడ కలిపిన్రు. 88 ఏండ్ల పెద్దాయన, రెండు రోజుల పసిగుడ్డు, ఇద్దరికీ కావాల్సింది ఊపిరే. మా ఊరి అవ్వల నోట్ల ఆ ఇద్దరు పక్కపక్కకు వచ్చిన్రు. నాకు ఇది తర్వాత తెల్సి బాత్రూంల తలుపేసుకొని ఏడ్సిన.

ఇగ నా సంగతి చెప్పాలె. నేను పుట్టు కతోలికున్నే, చిన్నప్పుడు పూజల సాయం చేసిన. గాని పెండ్లైనంక, షాపు పెట్టినంక, ఆదివారం మా ఇంటామెను, పెద్దోన్ని బండి మీద గుడి ముంగట దించుడు, దివ్యపూజ అయిపోయే టైముకు పోయి తెచ్చుకునుడు, గంతే. దేవుని పని ఇంట్ల ఆడోళ్ళు చూసుకుంటరు, నేను సంపాయించాలె అనుకున్న. తప్పు అని కూడ అనిపియ్యలే ఎన్నడు.

మార్చి 3 రాత్రి రెండు దాటింది. లోపట నుంచి నర్సమ్మ పిలిచింది, పాప ఊపిరి మాటిమాటికి ఆగుతున్నది, గుండె కొట్టుకునుడు తగ్గుతున్నది, డాక్టర్ గారు చూస్తున్నరు, మీకు చెప్పాలె గదా అన్నది. నా కాళ్ళల్ల సత్తువ పోయింది. ఫాదర్ గారికి ఫోన్ చేసిన, రెండో రింగుకే ఎత్తిండు. "ఫాదర్, పాపకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) కాలే, మీరు జల్ది రండి" అన్న. ఆయన ఉన్న కాడి నుంచి గంట తొవ్వ. "నేను బయల్దేరుతున్న బాబూ, గాని నువ్వు నా కోసం ఆగకు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా ఇయ్యొచ్చు, తిరుసభ (మన చర్చి) ఆ అధికారం ఇచ్చింది, నీళ్ళు తల మీద పారాలె, మాటలు నేను చెప్త, నువ్వే పొయ్యి" అన్నడు.

నా చేతులు చూస్కున్న. గోర్ల సందుల వార్నిష్ నలుపు, ఎంత కడిగినా పోదు అది. మూడు సార్లు సబ్బు పెట్టి మోచేతుల దాక కడుక్కున్న. నర్సమ్మకు ఎట్ల చెప్పాల్నో తెల్వలే, మా దాంట్ల ఇట్ల ఉంటదమ్మా, రెండు చుక్కల నీళ్ళు పొయ్యాలె అన్న. ఆమె నుదుట బొట్టు, మెడల నల్లపూసలు, ఏమనుకుంటదో అనుకున్న. ఏమనలే. ఐదు ఎంఎల్ సిరంజి తీసి, సూది ఇప్పి, బాటిల్‌లకెల్లి శుద్ధమైన నీళ్ళు నింపి, ఆ నీళ్ళు చల్లగ ఉన్నయని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకొని వెచ్చ చేసింది. పాప టోపి మెల్లగ పైకి జరిపింది. కింద దూది పట్టింది తడి మెడకు పోకుండ. ఫోన్ స్పీకర్ పెట్టి, ఫాదర్ గారు ఒక్కొక్క మాట చెప్పంగ నేను, పేరు ఇంక అనుకోనే లేదు, మా అమ్మ పేరే నోట్లకు వచ్చింది, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను అని మూడు సార్లు సన్న ధార పోసిన. పాప నుదురు ముడిచింది. నర్సమ్మ దూది తోని అద్ది మళ్ళ టోపి దించి, "పేరు బాగున్నదన్నా" అన్నది.

తెల్లారేసరికి ఊపిరి కుదురుకున్నది. అదే రోజు రోమ్‌ల పోప్ గారికి కూడ రెండు సార్లు ఊపిరి కష్టమైందని తర్వాత చూసిన. ఫాదర్ గారు చలిల బండి మీద వచ్చి పాప తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, క్యాంటీన్‌ల నాతోని ఇడ్లీ తినిపిచ్చి పోయిండు, ఒక్క ప్రసంగం చెయ్యలే. ఫాదర్ గారూ, దానికి ప్రత్యేకంగ థ్యాంక్స్.

మార్చి 9 సంది నాకు డ్యూటీ పడ్డది. పాపకు సీప్యాప్ తీసేసిన్రు, గాని ఒళ్ళు వేడి నిలుస్తలేదు, తల్లి ఇంక లేవలే. సిస్టర్ గారు, మఠం సిస్టరే ఆమె, మమ్ముల చూడ వచ్చింది, నర్సు పని చేసిన అనుభవం ఉన్నది, "నాయనా, కంగారూ కేర్ తండ్రి కూడ చెయ్యొచ్చు, అంగీ ఇప్పు" అన్నది. 1978ల కొలంబియా దేశంల, బొగోటా నగరంల, పసిపిల్లలను వెచ్చగ ఉంచే పెట్టెలు సాలక డాక్టర్లు మొదలువెట్టిన్రట, ఇప్పుడు ప్రపంచమంత చేస్తున్నరు. పాపకు డైపర్, టోపి, సాక్సులు, అంతే. నా రొమ్ము మీద నిలువుగ, కప్ప లెక్క కాళ్ళు మడిచి, తల ఒక దిక్కు తిప్పి పండవెట్టి, పైన బట్ట చుట్టి కట్టిన్రు. రోజుకు ఆరు గంటలు, ఏడు గంటలు. కదలొద్దు, ఫోన్ చూడొద్దు అన్నరు.

గట్ల కూసున్నప్పుడు ప్రార్థన చేద్దామని పరలోక జపం మొదలువెడుత, మీ చిత్తము నెరవేరును గాక అన్న కాడికి వచ్చి గొంతు ఆగుతది. అనబుద్ధి కాలే. మీ చిత్తం ఇంకోటి అయితె ఎట్ల అని భయం. మళ్ళ మొదటికెల్లి చెప్పుకుంట, మళ్ళ ఆడనే ఆగుత. సిస్టర్ గారికి చెప్పుకున్న. ఆమె ఒక చిన్న పటం ఇచ్చింది, నిద్రపోతున్న జోజప్ప గారిది, యేసయ్యను పెంచిన తండ్రి ఆయన. సువార్తలల్ల జోజప్ప గారు మాట్లాడిన మాట ఒక్కటి కూడ లేదన్నది. దేవదూత చెప్పంగనే లేచిండు, రాత్రికి రాత్రే తల్లిని బిడ్డను తీసుకొని ఐగుప్తుకు పోయిండు. పోప్ ఫ్రాన్సిస్ గారు కూడ తన బల్ల మీద ఇసొంటి జోజప్ప బొమ్మ పెట్టుకొని, ఏదన్న కష్టం వస్తె కాయితం మీద రాసి బొమ్మ కింద పెడుతడని, 2015ల మనీలాల కుటుంబాలతోని మాట్లాడుకుంట ఈ ముచ్చట చెప్పిండని అన్నది. "నువ్వు మాటలు వెతుక్కోకు, బిడ్డ ఊపిరి విను, అదే చాలు ఇప్పటికి" అని పోయింది.

నాకు వినుడు వస్తది. మోటర్ నడిచేటప్పుడు స్క్రూడ్రైవర్ బేరింగ్ మీద ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకొని వింటం, లోపట ఏం పోతుందో సప్పుడే చెప్తది. 15 ఏండ్ల సంది అదే పని. పాప ఊపిరి గూడ గట్లనే విన్న, గడ్డం కింద. నెల తక్కువ పిల్లలు ఊపిరి తీసుకునుడు మధ్యల మర్చిపోతరు, సప్పుడు ఆగంగనే అరికాలు వేలితోని మెల్లగ గీస్తె మళ్ళ యాదికి వస్తది. గీసినప్పుడల్ల లోపట ప్రభువా అని ఒక్క మాట వచ్చేది, నేను అనుకొని అన్నది కాదు. ఎన్ని వందల సార్లు అయిందో. మార్చి 19, జోజప్ప గారి పండుగ నాడు, జపం ఆ వాక్యం దాటి పోయింది. ఇప్పటికీ ఆ మాట కాడ నేను ఒక్క నిమిషం ఆగుత, ఆగినంకనే ముందుకు పోత.

ఇగ షాపు సంగతి. యాసంగి, పొలాలు ఎండుతున్నయ్, షాపుల ఆరు మోటర్లు కాలిపోయినయి విప్పి పెట్టి ఉన్నయ్, రైతులు ఫోన్ల మీద ఫోన్లు. అడ్డ మీద నా ఎదురు షాపాయన, రేట్ల కాడ ఆయనకు నాకు ఎన్నోసార్లు మాట మాట అయింది అందరికీ తెల్సు, మా బామ్మర్ది కాడ తాళం తీసుకొని పోయి, ఆ ఆరు మోటర్లు రాత్రుళ్ళు కూసొని చుట్టి, రాగి తీగ పైసలు మాత్రం పట్టుకొని, కూలి మొత్తం కవర్ల పెట్టి మా అత్తమ్మకు ఇచ్చి పోయిండు. ఏ మోటర్ ఏ రైతుది, ఎన్ని హెచ్‌పీ, ఎంత తీసుకున్నడు, చీటీ రాసి పెట్టిండు. ఆ చీటీ నా బైబిల్‌ల ఉన్నది అన్నా.

మా పక్క షాపు భాయ్ రంజాన్ నెలంత రోజా ఉండి కూడ, ఇఫ్తార్ కాంగనే బండి వేసుకొని మా పెద్దోన్ని చూపియ్యనీకి దవఖానకు తెచ్చేటోడు, వాడు అద్దంలకెల్లి చెల్లెను చూసి పోయేది. మార్చి 31 పండుగ, ఏప్రిల్ 1 మాకు డిశ్చార్జ్, పాప అప్పటికి 1780 గ్రాములు. ఇంటికి రాంగనే భాభీ షీర్ ఖుర్మా గిన్నె తెచ్చి మా ఇంటామె మంచం కాడ పెట్టింది.

ఇంకొకటి, నెలలు తక్కువ పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరైనా చదువుతుంటె దయచేసి ఇది యాది పెట్టుకోండి. పుట్టిన 30 రోజుల లోపట కండ్ల పరీక్ష చేపియ్యాలె, లోపటి రెటీనా చూస్తరు. బయటికి కన్ను మంచిగనే కనవడుతది, నెల దాటినంక ఒక్కోసారి ఆలస్యం అయిపోతది. మాకు ఒక జూనియర్ డాక్టరమ్మ మూడు సార్లు గుర్తు చేసింది. మా పాపవి బాగున్నయ్, దేవునికి స్తోత్రం. డాక్టరమ్మా, మీకు కూడ.

మార్చి 23న పోప్ గారు దవఖాన నుంచి ఇంటికి పోయిండు అని విని మా వార్డుల నేను ఒక్కన్నే చప్పట్లు కొట్టిన. ఏప్రిల్ 21, ఈస్టర్ తెల్లారి, ఆయన పోయిండని తెల్సినప్పుడు పాప నా రొమ్ము మీదనే ఉన్నది. ఆయన కోసం జపమాల మొత్తం నేనే చెప్పిన, ఇంట్ల, అందరం కూసొని, మొదటిసారి.

మే 4, ఆదివారం, మా గుడిల పొద్దున దివ్యపూజల పాపను తిరుసభలకు ఆహ్వానించే కార్యం ఉన్నది. మళ్ళ నీళ్ళు పొయ్యరు, ఆ రాత్రి పోసిందే జ్ఞానస్నానం అన్నడు ఫాదర్ గారు. అభ్యంగన తైలం, తెల్ల బట్ట, కొవ్వొత్తి ఉంటయ్. నర్సమ్మ నైట్ డ్యూటీ దిగి నేరుగ వస్త అన్నది. మధ్యాహ్నం మా ఇంట్ల అన్నం, మీరందరు రావాలె, ఎవలకు విడిగ పిలుపు రాకున్నా ఇదే పిలుపు అనుకోండి.

ఒక మాట మర్చిపోతున్న. మొదటి పదకొండు రోజులు పొద్దున ఏడు కాంగనే దవఖాన గేట్ కాడ సెక్యూరిటీ అన్న దగ్గర నా పేరు చెప్పి ఎవలో క్యారియర్ ఇచ్చి పోయేటోళ్ళు, జొన్న రొట్టె, పప్పు, ఒక్కోరోజు పచ్చిపులుసు. ఎవలని అడిగితె తెల్వదన్నడు. ఆఖరి రోజు క్యారియర్ నా దగ్గరనే ఉండిపోయింది. నాలుగు గిన్నెల స్టీల్‌ది, అడుగు గిన్నెకు ఎర్ర గోళ్ళ రంగు తోని చుక్క పెట్టి ఉన్నది. తోమి ఎండకు పెట్టిన. ఎవలదో చెప్పండి.