అణు వ్యర్థాల పాతర: ఒక బోరు డ్రిల్లర్ మాట

సంపాదకులు గారికి నమస్కారం.

అణు వ్యర్థాలను ఎక్కడ దాచాలన్న వ్యాసం ఆదివారం మీ పత్రికలో చదివాను. ‘భూమిలో లోతుగా పూడ్చేస్తే సరి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను 31 ఏళ్ళు బోరు రిగ్గు మీద పనిచేశాను. ధర్మవరం వైపు గ్రానైటులోనూ, మా వేంపల్లె, పులివెందుల వైపు సున్నపురాయిలోనూ రాడ్లు దింపాను.

లోపల రాయి గట్టిగా, పొడిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ధర్మవరం దగ్గర ఒక చీనీ తోటలో 600 అడుగుల దాకా తెల్ల దుమ్మే వచ్చింది. రైతు తల పట్టుకుని కూర్చున్నాడు. 700 దాటాక గ్యాప్, అంటే రాతిలో పగులు, తగిలి రెండించుల నీళ్ళు పైకి లేచాయి. వారం తిరక్కముందే పక్క తోటలో బోరు తగ్గిపోయింది. ఇద్దరి బోర్లకూ అడుగున పగులు ఒకటే. మా వైపు రాయిది ఇంకో తీరు. ఉన్నట్టుండి రాయిని తొలిచే బిట్టు ఒక అడుగు కిందికి జారిపోతుంది, లోపలంతా గుల్ల. నీళ్ళే ఆ రాయిని కరిగించి దారి చేసుకుంటాయి.

అందుకే ఫిన్లాండ్ వాళ్ళ పద్ధతి నాకు నచ్చింది. ఓల్కిలువోటో దీవిలో సుమారు 430 మీటర్ల లోతున, దాదాపు 190 కోట్ల ఏళ్ళ నాటి రాతిలో సొరంగాలు తవ్వారు. అంత పాత రాతినీ వాళ్ళు పూర్తిగా నమ్మలేదు. అణు రియాక్టర్లలో వాడేసిన ఇంధనాన్ని పోత ఇనుములో పెట్టి, దానికి 5 సెంటీమీటర్ల మందాన రాగి తొడుగు వేసి, చుట్టూ బెంటొనైట్ మట్టి కూరుతారు. తడి తగిలితే ఆ మట్టి ఉబ్బి సందులన్నీ మూసేస్తుంది. ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్ళిచ్చే నల్లరేగడి రెండు వానలకే మూసుకుపోవడం మనం చూసిందే. మన మిద్దెల మీద చౌడు మన్ను పరిచిన పెద్దలకు కూడా ఈ గుణం తెలుసు. రాగి తుప్పు పడుతుందా అన్న తగువు, ఇదే పద్ధతి ఎంచుకున్న స్వీడన్‌లో కోర్టు దాకా వెళ్ళింది. 2022లో గానీ అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. అంత తగువు పడటమే మంచిదంటాను.

జర్మనీలో ఆసే అనే పాత ఉప్పుగనిలో 1967 నుంచి 1978 దాకా దాదాపు 1,26,000 అణు వ్యర్థాల పీపాలు దించారు. తర్వాత గనిలోకి నీళ్ళు దిగాయి. ఇప్పుడు ఆ పీపాలను పైకి తియ్యాలంటున్నారు. ఉప్పు తియ్యడానికి గుల్ల చేసిన గనిని పాతరగా వాడటమే అక్కడ జరిగిన తప్పు. మన సరిహద్దు దాటితే వచ్చే కోలారు పాత బంగారు గనుల పేరు 2012లో ఇలాగే వినబడింది. అక్కడి జనం ఎదురు తిరిగాక ప్రభుత్వం ఆ ఆలోచన లేదంది. లేకపోవడమే మేలు.

3 నుంచి 5 కిలోమీటర్ల బోరు వేసి అందులోకి దించెయ్యాలన్నది ఇంకో మాట. కాగితం మీద ఇదే సులువు. ఒకసారి 900 అడుగుల దగ్గర రాయిని కొట్టే నా హ్యామర్ తెగి లోపల ఇరుక్కుంది. మూడు రోజులు అవస్థపడి చివరికి బోరునే వదిలేశాం. ఆ హ్యామర్ చోట రేడియోధార్మిక డబ్బా సగంలో ఇరుక్కుంటే ఎవరు తీస్తారు? సముద్రంలో పారవేయడాన్ని 1993లోనే పూర్తిగా నిషేధించారు, దాని గురించి చెప్పేదేమీ లేదు.

మన దేశంలో ఇంధనాన్ని మళ్ళీ శుద్ధి చేసి, మిగిలిన ద్రవాన్ని గాజులో కలిపి గడ్డకట్టించి, మహారాష్ట్రలోని తారాపూర్ లాంటి చోట్ల చల్లారబెడుతున్నారు. చివరి పాతర ఇంకా లేదు.

వ్యాసంలో అసలు ప్రస్తావించనిది మా జిల్లాలోనే ఉంది. తుమ్మలపల్లె యురేనియం గనిలో టన్ను రాయి తవ్వితే అర కిలో యురేనియం కూడా రాదు. మిగిలిందంతా బురదగా మారి కొండల మధ్య చెరువులో చేరుతుంది. ఏ దేశపు యురేనియం బురద అయినా, ముడి రాతిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం అందులోనే ఉండిపోతుంది. అందులోని థోరియం-230 అనే రేడియోధార్మిక పదార్థం సగం తరగడానికే సుమారు 75,000 ఏళ్ళు కావాలి. లక్షల టన్నుల బురదకు రాగి తొడుగులు వెయ్యలేం. జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో ఆ బురదలోని ముతక ఇసుకను తిరిగి గనిలోనే నింపుతున్నారు. అమెరికాలో మోయాబ్ దగ్గర కొలరాడో నది ఒడ్డున ఉన్న 1.6 కోట్ల టన్నుల బురద కుప్పను రైళ్ళలో దూరంగా తరలించే పని 2009లో మొదలుపెట్టారు. ఇలాంటి కుప్పల మీద కప్పు వీలైతే 1,000 ఏళ్ళు, కనీసం 200 ఏళ్ళు నిలవాలని అక్కడ నిబంధన ఉంది.

మా గని మూతపడ్డాక ఆ చెరువు మీద ఏ మట్టి, ఎంత మందాన కప్పుతారు? కాపలా ఎవరు, ఎన్నేళ్ళు? ఇది తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను. నీళ్ళ పరీక్షకు వేసే బోర్ల సంగతి కూడా అందులో ఉండాలి. గుల్ల రాతిలో చెరువు చుట్టూ సమాన దూరంలో బోర్లు వేసినంత మాత్రాన లాభం లేదు. ఎక్కడ వెయ్యాలో గుర్తు పెట్టేముందు పక్క తోటల రైతులను పిలిచి అడగండి. ఏ బోరు వేస్తే ఎవరి బోరు తగ్గిందో వాళ్ళకు తెలుసు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బోరు డ్రిల్లర్,
వేంపల్లె, కడప జిల్లా