ముందు దొంతర సంగతి చూడు

టూసాన్, అరిజోనా

చిన్నా,

మొన్న ఫోన్లో "ఫోర్త్ ఎక్కడ మొదలుపెట్టాలక్కా?" అని అడిగావు. ఆఫీసు వరండాలో నిలబడి హడావిడిగా ఏదో చెప్పేశాను. నీకేం ఎక్కినట్టు లేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ఈ కంప్యూటర్ భాష పెరిగింది మా ఊరి పక్కనే, తెలుసా? టూసాన్‌కి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో కిట్ పీక్ అనే కొండ ఉంది. 1970ల మొదట్లో అక్కడి 36 అడుగుల రేడియో టెలిస్కోప్‌ని నడిపించడానికి, ఈ భాషని తయారుచేసిన చార్లెస్ మూర్ ఫోర్త్‌ని వాడాడు. నాలుగో తరం సాఫ్ట్‌వేర్ అనే అర్థంలో పేరు పెట్టాడు గానీ, ఆయన వాడిన ఐబీఎం 1130 కంప్యూటర్లో ఫైలు పేరుకి ఐదు అక్షరాలే పట్టేవి. దాంతో ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం ఎగిరిపోయింది. పోయిన నెల ఆ కొండెక్కి తెల్లటి గుమ్మటాలు చూస్తుంటే నువ్వే గుర్తొచ్చావు.

సరే, పనిలోకి వద్దాం. ఫోర్త్‌ని నడిపించే జీఫోర్త్ అనే ప్రోగ్రామ్ ఉచితం, నీ పాత ల్యాప్‌టాప్‌కి అది చాలు. తెరిచి ఇలా కొట్టు:

2 3 + .

5 అని చూపించి, పక్కనే ఓకే అంటుంది. అంకెలు రెండూ గిన్నెల దొంతరలా ఒకదాని మీద ఒకటి చేరాయి. కూడిక గుర్తు పై రెండూ తీసి మొత్తాన్ని పెట్టింది. చుక్క దాన్ని తీసి చూపించింది. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్ళకి ఇది తలకిందులుగా ఉంటుంది. మనకేం? కొట్లో నాన్న "పన్నెండూ ఎనిమిదీ కలుపు" అనే కదా అంటారు!

ఒక వారం ఇంతే చెయ్యి. ఇఫ్‌లూ లూప్‌లూ ముట్టుకోకు. డూప్ పైదానికి నకలు తీస్తుంది, స్వాప్ పై రెంటినీ తారుమారు చేస్తుంది, డ్రాప్ పైదాన్ని పారేస్తుంది. ఒక్కోటి కొట్టే ముందు దొంతర ఎలా మారుతుందో కాగితం మీద గీసుకో. తర్వాత చుక్క, ఎస్ కలిపి కొడితే దొంతర మొత్తం కనిపిస్తుంది. నీ బొమ్మతో పోల్చి చూసుకో. నేను ఈ కాగితం పని చిన్నతనం అనుకుని మానేశా. రెండో వారంలో దొంతరలో ఎవరిదో తెలియని అంకె ఒకటి మిగిలిపోయి, ఆదివారమంతా దాని వెంటే పరిగెత్తా.

తర్వాత సొంత మాటలు. ఫోర్త్‌లో డూప్, స్వాప్ లాంటి ఒక్కో ఆదేశాన్నీ మాట అంటారు. కోలన్‌తో మొదలై సెమికోలన్‌తో అయిపోతాయి. పేరు తెలుగులో పెట్టినా ఒప్పుకుంటుంది:

: గంటలు 60 * ;
: నిమిషాలు ;
3 గంటలు 20 నిమిషాలు + .

200 వస్తుంది. రెండో మాటలో ఏమీ లేదు చూశావా? ఏమీ చేయదు, చదవడానికి బాగుంటుందని పెట్టానంతే. నాకు ఫోర్త్ మీద మనసు పడింది ఇక్కడే.

కోలన్ తర్వాత ఖాళీ వదలడం మర్చిపోకు. ఖాళీ లేకపోతే రెండూ కలిపి ఒకే మాట అనుకుని, అలాంటి మాట తెలియదంటుంది. అరగంట స్క్రీన్ వైపు గుడ్లప్పగించి చూశా నేను. ఒక్కో మాట ఒక వరస దాటితే ముక్కలు చెయ్యి. ముక్క రాసిన వెంటనే అంకెలిచ్చి పరీక్షించు. అన్నీ రాశాక చూద్దాంలే అనుకున్నావో, అయిపోయావే. ఇది తప్పులు పట్టిచ్చే భాష కాదు. అడ్రసుకీ అంకెకీ తేడా చూడకుండా కలిపేస్తుంది.

ఉద్యోగానికి పనికొస్తుందా అని నాన్న అడుగుతారు. నేరుగా రాదనే చెప్పు. కానీ 2014లో తోకచుక్క మీద దిగిన ఫిలే ల్యాండర్‌లో ఫోర్త్ కోసమే తయారైన చిప్పులున్నాయని కూడా చెప్పు.

గోంగూర పచ్చడి చేరిందని అమ్మకి చెప్పు. మూత కాస్త ఊడింది, పెట్టెలోని చీర మాత్రం ఎర్రబడింది. ఆ రెండో సంగతి చెప్పకు. నీ కాగితాలు ఫోటో తీసి పంపు.

నీ
అక్క